ఒకే మందు రెండు లైన్లలో: డిక్ట్‌ని ఓవర్‌రైడ్ చేసిన ఒక క్లాస్ మీద కేస్ స్టడీ

పైథాన్‌లో ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ పనితీరు ఇంకో క్లాస్‌కు వారసత్వంగా రావడం) నేర్పేటప్పుడు దాదాపు అందరూ ఒకటే ఉదాహరణ చెబుతారు. జంతువు అని ఒక క్లాస్, దాని కింద కుక్క, పిల్లి. పేరెంట్‌లో ఉన్న 'అరుపు' మెథడ్‌ని సబ్‌క్లాస్‌లో అదే పేరుతో మళ్లీ రాస్తే (దీన్నే ఓవర్‌రైడ్ అంటారు) కొత్తదే పనిచేస్తుంది. నిజమే. కానీ ఆ ఉదాహరణలో మెథడ్‌ని పిలిచేది ఎప్పుడూ మనమే, బయటి నుంచి. పేరెంట్ తన సొంత పనిలో భాగంగా లోపలి నుంచి పిలవాల్సి వస్తే మన మెథడ్‌నే పిలుస్తుందా, తనదే వాడుకుంటుందా? ఈ కేసంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

సంస్థను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఐటమ్ కోడ్‌లు, అంకెలు, క్లాస్ పేరు మార్చాను. పొరపాటు జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

అది మందుల హోల్‌సేల్ వ్యాపారం. చుట్టుపక్కల మెడికల్ షాపులకు సరుకు వేస్తారు. బిల్లింగ్, స్టాక్, కొనుగోళ్లు అన్నీ ఒక చిన్న టీమ్ పైథాన్‌లో రాసి నడుపుతున్న సాఫ్ట్‌వేర్ మీదే ఆధారం.

ఈ వ్యాపారంలో ఐటమ్ కోడ్‌లు పెద్ద తలనొప్పి. ఒక సప్లయర్ ఇన్వాయిస్ ఫైల్‌లో 'పీసీ-650' అని వస్తుంది, ఇంకొకరిది 'పీసీ 650' అని వస్తుంది. కౌంటర్‌లో బిల్లు కొట్టే అబ్బాయి హడావిడిలో 'పీసీ650' అని కొడతాడు. కొందరు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు వాడతారు, కొందరు చిన్నవి. ఎక్సెల్‌లోంచి కాపీ చేస్తే చివర్లో ఒక ఖాళీ స్పేస్ కూడా అంటుకొస్తుంది. మనిషి కంటికి అన్నీ ఒకటే. డిక్షనరీకి (పైథాన్‌లో డిక్ట్, కీ ఇస్తే దాని విలువ ఇచ్చే పట్టిక) మాత్రం ఒక్కోటీ ఒక్కో వేరే కీ.

దీనికి టీమ్ వేసిన ప్లాన్ చూడటానికి చక్కగా ఉంది. డిక్ట్‌ని ఇన్‌హెరిట్ చేసి 'కోడ్‌పట్టిక' అని ఒక క్లాస్ రాశారు. అందులో రెండే మెథడ్‌లు ఓవర్‌రైడ్ చేశారు: డండర్ సెట్‌ఐటమ్, డండర్ గెట్‌ఐటమ్ (స్క్వేర్ బ్రాకెట్లతో విలువ పెడితే మొదటిది, చదివితే రెండోది పనిచేస్తుంది; డండర్ అంటే పేరుకు రెండు వైపులా రెండేసి అండర్‌స్కోర్లు). రెండింటిలోనూ వచ్చిన కోడ్‌లోని స్పేసులు, హైఫన్‌లు తీసేసి, అక్షరాలన్నీ ఒకే సైజుకు మార్చి, ఆ శుభ్రమైన కోడ్‌తో సూపర్ ద్వారా పేరెంట్ అయిన డిక్ట్ మెథడ్‌ని పిలిచారు. పది లైన్లు కూడా లేదు.

ఎందుకు అలా చేశారని అడిగితే సబబైన కారణమే చెప్పారు. అప్పటికే ప్రోగ్రామంతా డిక్ట్‌లతో నిండి ఉంది. ఫంక్షన్లకు డిక్ట్ ఇస్తున్నారు, డిక్ట్ తీసుకుంటున్నారు, జేసన్‌గా (డేటాను పంపే టెక్స్ట్ రూపం) మార్చి బ్రౌజర్‌కు పంపుతున్నారు. డిక్ట్ సబ్‌క్లాస్ అయితే మిగతా కోడ్‌లో ఒక్క లైన్ ముట్టుకోనక్కర్లేదు. టెస్టులు కూడా రాశారు. అడ్డదిడ్డమైన కోడ్‌తో ఒక విలువ పెట్టి, ఇంకో రకంగా రాసిన కోడ్‌తో దాన్నే అడిగితే వచ్చింది. అన్నీ పాస్.

సమస్య ఎలా బయటపడింది

మొదట పట్టుకున్నది గోడౌన్ చూసే పెద్దాయన. "ఏమండీ, స్టాక్ రిపోర్ట్‌లో ఇది నలభై స్ట్రిప్పులు చూపిస్తోంది, బిల్లింగ్‌లో అదే మందు కొడితే స్టాక్ లేదంటోంది. సరుకు చూస్తే ర్యాక్‌లోనే ఉంది" అని ఫోన్ చేశారు. రెండు రోజుల తర్వాత ఇంకో ఫిర్యాదు: రిపోర్ట్‌లో ఒకే మందు రెండు లైన్లలో వస్తోంది, ఒకదాంట్లో నలభై, ఇంకోదాంట్లో రెండు. బిల్లింగ్‌లో ఇప్పుడు సున్నా పోయి రెండు చూపిస్తోంది.

మందుల వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. స్టాక్ లేదని స్క్రీన్ చెబితే కొనుగోలు వాళ్లు మళ్లీ ఆర్డర్ పెడతారు. ర్యాక్‌లో ఉన్న పాత బ్యాచ్ అమ్ముడుపోకుండా ఎక్స్‌పైరీకి దగ్గరవుతుంది.

ఇంకో విచిత్రం, ఈ గొడవ కొన్ని కంపెనీల సరుకుకే వస్తోంది. మిగతా వాళ్లది శుభ్రంగా నడుస్తోంది. దాంతో టీమ్ ముందు ఆ సప్లయర్ల ఫైళ్లను అనుమానించింది. ఫైళ్లలో కోడ్‌లు హైఫన్‌లతో ఉన్నాయి నిజమే, కానీ వాటిని సరిచేయడానికే కదా ఈ క్లాస్ ఉన్నది. తర్వాత బార్‌కోడ్ స్కానర్ మీద పడ్డారు. అది కోడ్ చివర న్యూలైన్ ఒకటి పంపుతుంది, దాన్ని తీసేసే లైన్ కలిపారు. ఏమీ మారలేదు. ఆ తర్వాత రెండు థ్రెడ్‌లు ఒకేసారి పట్టికలో రాస్తున్నాయేమోనని లాక్ పెట్టారు. బిల్లింగ్ కాస్త నెమ్మదించింది, రెండు లైన్లు రెండు లైన్లుగానే ఉన్నాయి. నన్ను పిలిచింది ఆ దశలో.

ఎక్కడ వెతకాలో ఎలా తేలింది

లాగ్‌ల కంటే ముందు నాకు ఆసక్తి కలిగించింది రెండు స్క్రీన్ల మధ్య తేడా. రెండూ చదివేది మెమరీలో ఉన్న ఒకే ఆబ్జెక్ట్‌ని. ఆబ్జెక్ట్ ఒకటే, కోడ్ ఒకటే, జవాబులు రెండు. అలాంటప్పుడు డేటా పాడైందా అని వెతకడం కన్నా, ఆ రెండు స్క్రీన్లు ఏ దారిలో చదువుతున్నాయో చూడటం తేలిక. గ్రెప్ చేస్తే (కోడ్ ఫైళ్లలో పదం వెతికితే) వెంటనే దొరికింది. బిల్లింగ్ స్క్వేర్ బ్రాకెట్లతో చదువుతోంది, కీ ఎర్రర్ వస్తే 'స్టాక్ లేదు' అంటోంది. రిపోర్ట్ గెట్ మెథడ్‌తో చదువుతోంది.

టీమ్‌లో అందరికన్నా చిన్నవాడైన డెవలపర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఇంటరాక్టివ్ షెల్ తెరిచాను. ఖాళీ కోడ్‌పట్టిక ఒకటి చేయించి, బ్రాకెట్లతో 'పీసీ-650' కి 40 పెట్టించాను. ప్రింట్ చేస్తే కీ 'పీసీ650' అని, హైఫన్ లేకుండా వచ్చింది. సరే. ఇంకో ఖాళీ పట్టిక చేయించి, ఈసారి అదే విలువను మామూలు డిక్ట్‌లో పెట్టి అప్‌డేట్ మెథడ్‌తో ఎక్కించమన్నాను. ప్రింట్ చేస్తే కీ 'పీసీ-650'. హైఫన్ చెక్కుచెదరలేదు. ఆ పట్టికను బ్రాకెట్లతో 'పీసీ-650' అడిగితే కీ ఎర్రర్ వచ్చింది, ఎర్రర్‌లో పేరు మాత్రం 'పీసీ650'. గెట్‌తో 'పీసీ-650' అడిగితే 40 వచ్చింది.

"సార్, అప్‌డేట్ అంటే లోపల ఒక్కొక్కటీ అసైన్ చేయడమే కదా?" అన్నాడు.

సెట్‌ఐటమ్ మొదటి లైన్లో ఒక ప్రింట్ పెట్టి, పొద్దున్న లోడ్ అయ్యే అసలు ఫైల్‌ని లోడ్ చేయమన్నాను. వేల లైన్ల ఫైల్. స్క్రీన్ మీద ఒక్క ప్రింట్ కూడా పడలేదు. వాళ్లు రాసిన మెథడ్‌ని ఆ లోడింగ్‌లో ఎవరూ ఒక్కసారి కూడా పిలవలేదన్నమాట.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే కేసుకు మూలం ఇదే. మనం రోజూ వాడే పైథాన్ ఇంప్లిమెంటేషన్ అయిన సీపైథాన్‌లో డిక్ట్ సీ భాషలో రాసి ఉంటుంది. అప్‌డేట్ కూడా అక్కడిదే. అది కీలను, విలువలను నేరుగా లోపలి హ్యాష్ టేబుల్‌లో పెట్టేస్తుంది. 'ఈ ఆబ్జెక్ట్ సబ్‌క్లాస్‌దేమో, దానికి సొంత సెట్‌ఐటమ్ ఉందేమో' అని ప్రతి కీకి ఆగి చూడదు. మాడ్యూల్‌లో పేర్లు ఉండేది డిక్ట్‌లోనే, చాలా ఆబ్జెక్ట్‌ల ఆట్రిబ్యూట్‌లు ఉండేదీ డిక్ట్‌లోనే. అక్కడ అలా ఆగుతూ పోతే భాష మొత్తం నెమ్మదిస్తుంది. ఆబ్జెక్ట్‌ని తయారుచేసే కన్‌స్ట్రక్టర్, కీ లేకపోతేనే విలువ పెట్టే సెట్‌డిఫాల్ట్ కూడా అంతే. గెట్, కీ ఉందా అని అడిగే 'ఇన్' ఆపరేటర్ మన గెట్‌ఐటమ్ వైపు కన్నెత్తి చూడవు.

అన్నీ అలాగే ఉంటాయా అంటే, అదీ లేదు. కీల జాబితా నుంచి డిక్ట్ తయారుచేసే ఫ్రమ్‌కీస్‌ని సబ్‌క్లాస్ మీద పిలిస్తే మన సెట్‌ఐటమ్‌నే పిలుస్తుంది. పైపై అనే ఇంకో పైథాన్ ఇంప్లిమెంటేషన్ వాళ్లు తమ డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి తేల్చి చెప్పారు: బిల్ట్-ఇన్ టైప్‌ల సబ్‌క్లాస్‌లలో ఓవర్‌రైడ్ చేసిన మెథడ్‌లు ఎప్పుడు లోపలి నుంచి పిలవబడతాయి, ఎప్పుడు పిలవబడవు అన్నదానికి సీపైథాన్‌లో అధికారికంగా ఏ నియమమూ లేదు, ఉజ్జాయింపుగా, అదే ఆబ్జెక్ట్ మీది ఇతర బిల్ట్-ఇన్ మెథడ్‌లు వాటిని పిలవవు అనుకోవచ్చు. పైథాన్ 2.2 వెర్షన్‌లో బిల్ట్-ఇన్ టైప్‌లను ఇన్‌హెరిట్ చేసే వీలు వచ్చింది. వీలు వచ్చింది కానీ లోపలి మెథడ్‌లు మన మాట వింటాయన్న హామీ రాలేదు.

ఇప్పుడు గోడౌన్ పెద్దాయన చూసినదంతా అతికింది. పొద్దున లోడింగ్ అప్‌డేట్‌తో జరుగుతుంది, కీ హైఫన్‌తో పడుతుంది. రిపోర్ట్ గెట్‌తో అడుగుతుంది, గెట్‌కు కూడా శుభ్రం చేయడం తెలియదు కాబట్టి హైఫన్ కోడ్ హైఫన్ కోడ్‌తో సరిపోయి నలభై వస్తుంది. అంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని అక్కడ సరైన జవాబు వచ్చింది. బిల్లింగ్ ఒక్కటే సరిగ్గా శుభ్రం చేసి అడుగుతుంది, దానికే సున్నా వచ్చింది. ఏదో షాపు రెండు స్ట్రిప్పులు వాపసు ఇస్తే ఆ ఎంట్రీ బ్రాకెట్లతో పడింది, శుభ్రమైన కీతో రెండో లైన్ పుట్టింది. మొదటి నుంచీ హైఫన్‌లు, స్పేసులు లేకుండా కోడ్‌లు పంపే సప్లయర్ల సరుకుకు ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే వాళ్ల దగ్గర రెండు కీలూ ఒకటే.

టెస్టులు ఎందుకు పట్టుకోలేదో కూడా ఇందులోనే ఉంది. టెస్టులన్నీ బ్రాకెట్లతోనే పెట్టాయి, బ్రాకెట్లతోనే అడిగాయి. ముందు గుమ్మానికి తాళం ఉందో లేదో పదిసార్లు చూసి, పెరటి తలుపు వైపు వెళ్లనే లేదు.

మొదటి ప్రయత్నం: ఉన్న కన్నాలన్నీ మూయడం

సహజంగా ఎవరైనా ముందు చేసేది ఇదే. టీమ్ కూడా అదే మొదలుపెట్టింది. నేను వద్దనలేదు. ఎంత దూరం పోతుందో వాళ్లే చూస్తే, తర్వాత నేను చెప్పబోయే ఖరీదైన మార్పుకు వాళ్లే ఒప్పుకుంటారని అనిపించింది.

అప్‌డేట్‌ని ఓవర్‌రైడ్ చేశారు. మొదటి వెర్షన్ ఒక డిక్ట్‌ని తీసుకుని, ఐటమ్స్ మీద తిరుగుతూ ఒక్కొక్కటీ బ్రాకెట్లతో పెట్టింది. మర్నాడు పొద్దున్న ఒక లోడర్ ఆగిపోయింది: లిస్ట్‌కు ఐటమ్స్ అనే ఆట్రిబ్యూట్ లేదని ఎర్రర్. డిక్ట్ అప్‌డేట్ డిక్ట్‌ని తీసుకుంటుంది, రెండేసి విలువల జతల లిస్ట్‌ని తీసుకుంటుంది, కీవర్డ్ ఆర్గ్యుమెంట్లనూ తీసుకుంటుంది. ఓవర్‌రైడ్ చేసినప్పుడు పేరెంట్ ఏమేమి తీసుకుంటుందో అవన్నీ మనమూ తీసుకోవాలి. లేకపోతే పేరెంట్ అనుకుని వాడుతున్న పాత కోడ్ విరుగుతుంది.

దాన్ని సరిచేశారు. తర్వాత కన్‌స్ట్రక్టర్, సెట్‌డిఫాల్ట్, గెట్, పాప్, డండర్ కంటెయిన్స్ ('ఇన్' వెనక ఉండేది), డండర్ డెల్ఐటమ్ (కీ తీసేసేది). పది లైన్ల క్లాస్ మూడు స్క్రీన్ల క్లాస్ అయింది. అప్పుడు కాపీ మెథడ్ దొరికింది. డిక్ట్ సబ్‌క్లాస్ మీద కాపీ పిలిస్తే తిరిగొచ్చేది మామూలు డిక్ట్, మన క్లాస్ కాదు. రాత్రి లెక్కలు సరిచూసే స్క్రిప్ట్ కాపీ తీసుకుని దాని మీద పనిచేసేది. కాబట్టి ఆ స్క్రిప్ట్‌లో శుభ్రం చేయడమనేదే ఎప్పుడూ జరగలేదు. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

నన్ను నిజంగా ఆలోచింపజేసింది దీని తర్వాతది. 2020 అక్టోబర్‌లో వచ్చిన 3.9 వెర్షన్‌లో డిక్ట్‌కు నిలువు గీత ఆపరేటర్లు రెండు చేరాయి: రెండు డిక్ట్‌లను కలిపి కొత్తది ఇచ్చేది ఒకటి, ఉన్నదాంట్లోనే కలిపేది ఒకటి. ఉన్నదాంట్లో కలిపేది అప్‌డేట్ లాగానే మన సెట్‌ఐటమ్‌ని పట్టించుకోదు. కొత్తది ఇచ్చేది మామూలు డిక్ట్ ఇస్తుంది. అంటే 3.8 కాలంలో అన్ని కన్నాలూ జాగ్రత్తగా మూసేసిన క్లాస్ ఉందనుకోండి. వెర్షన్ మార్చగానే, ఆ ఫైల్‌లో ఒక్క అక్షరం మారకుండానే దానికి రెండు కొత్త కన్నాలు పడ్డాయి. ఈ పద్ధతి మీద నాకున్న అసలు అభ్యంతరం కోడ్ పెరిగిందని కాదు. మూయాల్సిన జాబితా మన చేతుల్లో లేదు, అది పేరెంట్ చేతుల్లో ఉంది, పేరెంట్ ఎప్పుడైనా దాన్ని పెంచుకోవచ్చు.

మధ్యలో పికిల్ దెబ్బ

ఈ పని జరుగుతుండగానే ఒకరు ఏ కోడ్ ఎలా మారిందో రాసిపెట్టే ఆడిట్ లిస్ట్‌ని క్లాస్‌కు కలిపారు. కన్‌స్ట్రక్టర్‌లో ఖాళీ లిస్ట్, సెట్‌ఐటమ్‌లో అందులోకి అపెండ్. ఆ రాత్రే నెలవారీ రిపోర్ట్ పడిపోయింది. ఆ రిపోర్ట్ మల్టీప్రాసెసింగ్‌తో (పనిని చాలా ప్రాసెస్‌లకు పంచి) నడుస్తుంది, పట్టికను పికిల్ చేసి (బైట్లుగా మూటకట్టి) వర్కర్లకు పంపుతుంది. వర్కర్ దాన్ని విప్పేటప్పుడు, కోడ్‌పట్టికకు ఆడిట్ అనే ఆట్రిబ్యూట్ లేదని ఎర్రర్.

ఇది తెలుసుకోదగ్గ సంగతి. డిక్ట్ సబ్‌క్లాస్‌ని పికిల్ తిరిగి కట్టేటప్పుడు కన్‌స్ట్రక్టర్‌ని పిలవదు. ఖాళీ ఆబ్జెక్ట్ తయారుచేసి, ముందు కీలు విలువలు నింపుతుంది, ఆ తర్వాతే ఆట్రిబ్యూట్‌లు పెడుతుంది. సబ్‌క్లాస్ అయితే ఆ నింపడం మన సెట్‌ఐటమ్ ద్వారానే జరుగుతుంది. పిలుస్తుందనుకున్న అప్‌డేట్ పిలవలేదు, పిలుస్తుందని ఎవరూ ఊహించని పికిల్ పిలిచింది. అదీ ఆబ్జెక్ట్ సగం కట్టిన స్థితిలో. ఆ రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్నాయన టెన్షన్ నేను చెప్పనక్కర్లేదు.

రెండో ప్రయత్నం: యూజర్‌డిక్ట్

కలెక్షన్స్ మాడ్యూల్‌లోని యూజర్‌డిక్ట్ ఇలాంటి పనులకే ఉందని చాలామంది సలహా ఇస్తారు, అది మంచి సలహానే. అది పైథాన్‌లో రాసిన క్లాస్, లోపల డేటా అనే పేరుతో అసలు డిక్ట్‌ని దాచుకుంటుంది. కన్‌స్ట్రక్టర్, అప్‌డేట్, సెట్‌డిఫాల్ట్ అన్నీ చివరికి మన సెట్‌ఐటమ్ దగ్గరికే వస్తాయి. టీమ్ పేరెంట్ పేరు మార్చి, మూడు స్క్రీన్ల కోడ్‌లో చాలా భాగం కొట్టేసింది.

మూడు చోట్ల తగిలింది. యూజర్‌డిక్ట్ నిజమైన డిక్ట్ కాదు కాబట్టి, జేసన్‌గా మార్చబోతే టైప్ ఎర్రర్ వచ్చింది. ఇది డిక్టేనా అని ఇజ్‌ఇన్‌స్టెన్స్‌తో అడిగే చోట్లలో కాదనే జవాబు వచ్చింది. ఇవి ఎర్రర్ రూపంలోనో, వెంటనే కనిపించే తేడాగానో బయటపడ్డాయి, సరిచేశాం. రెండోది, దాంట్లో 'ఇన్' ఆపరేటర్ నేరుగా లోపలి డేటాలో చూస్తుంది, మన గెట్‌ఐటమ్‌ని అడగదు. కంటెయిన్స్‌ని విడిగా ఓవర్‌రైడ్ చేయక తప్పలేదు. మూడోదే నన్ను ఆపింది. ఉన్నదాంట్లో కలిపే నిలువు గీత ఆపరేటర్ ఇక్కడ కూడా లోపలి డేటాలో నేరుగా కలిపేస్తుంది, సెట్‌ఐటమ్ దగ్గరికి రాదు. హైఫన్ కోడ్‌లు మళ్లీ సైలెంట్‌గా లోపలికి వస్తాయి.

ఆ ఒక్కదాన్నీ ఓవర్‌రైడ్ చేస్తే సరిపోతుంది కదా అని టీమ్ లీడ్ అన్నారు. సరిపోతుంది, ఈ వెర్షన్‌కు. కానీ అలా చేస్తే మళ్లీ మొదటి ప్రయత్నం దగ్గరే నిలబడతాం, కాకపోతే జాబితా కొంచెం చిన్నది. తప్పు జరిగినప్పుడు నోరుమూసుకుని ఉండే క్లాస్ కన్నా, తెలియని పని అడిగితే ఎర్రర్ ఇచ్చే క్లాస్ మేలనేది నా వాదన. స్టాక్ లెక్కల్లాంటి చోట మరీను.

నిలబడింది ఏది

కలెక్షన్స్ ఏబీసీ మాడ్యూల్‌లోని మ్యూటబుల్‌మ్యాపింగ్. దీన్ని ఇన్‌హెరిట్ చేస్తే ఐదు మెథడ్‌లు మనమే రాయాలి: గెట్‌ఐటమ్, సెట్‌ఐటమ్, డెల్ఐటమ్, ఐటర్, లెన్. ఒక్కటి రాయకపోయినా ఆబ్జెక్ట్ తయారు కాదు, అక్కడే ఎర్రర్. గెట్, పాప్, అప్‌డేట్, సెట్‌డిఫాల్ట్, ఇన్ వంటివి అదే ఇస్తుంది, అవన్నీ ఆ ఐదింటి మీదే కట్టినవి. ఇది ఏదో వెర్షన్‌లో అలా కుదిరిందని కాదు. ఏవి మనం రాయాలో, ఏవి వాటి మీద ఆధారపడి వస్తాయో డాక్యుమెంటేషన్‌లో పట్టిక వేసి మరీ చెప్పారు. ఓవర్‌రైడ్ చేయడానికే తయారుచేసిన పేరెంట్ ఇది.

కొత్త క్లాస్ లోపల ఒక ప్రైవేట్ డిక్ట్, కోడ్‌ని శుభ్రం చేసే చిన్న ఫంక్షన్ ఒకటి, ఆ ఐదు మెథడ్‌లు. మొదటి మూడూ శుభ్రం చేసి లోపలి డిక్ట్‌కు అందిస్తాయి, మిగతా రెండూ ఉన్నది ఉన్నట్టు అప్పగిస్తాయి. నిలువు గీత ఆపరేటర్లు ఇందులో లేనే లేవు. ఎవరైనా వాడితే టైప్ ఎర్రర్ వస్తుంది. అది లోపం కాదు, కావాలని అలా వదిలేశాం, అలాగే వస్తుందని ఒక టెస్ట్ కూడా రాశాం. కాపీ మెథడ్ లేదు కాబట్టి సొంతంగా రాశాం. ప్రింట్ చేస్తే మెమరీ అడ్రస్ మాత్రమే వస్తోందని రెప్ర్ ఒకటి కలిపాం. పికిల్‌కు ఇది మామూలు ఆబ్జెక్ట్, ఆట్రిబ్యూట్‌లు పెట్టేస్తే చాలు, సెట్‌ఐటమ్ జోలికి రాదు. జేసన్‌కు పంపే చోట్ల డిక్ట్‌గా మార్చి పంపాలి. ఆ మార్పు చేయాల్సిన చోట్లు వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది.

వేగం సంగతి దాచను. పైథాన్‌లో తిరిగే అప్‌డేట్ సీలో తిరిగే అప్‌డేట్ కన్నా నెమ్మది. వీళ్ల ఫైళ్ల సైజుకు ఆ తేడా ఎవరి కంటికీ కనబడలేదు. లక్షల కీలు సెకను సెకనుకూ మారే చోట అయితే వేరే దారి చూసేవాణ్ని: కోడ్‌లను లోపలికి వచ్చే గుమ్మంలోనే శుభ్రం చేసి, లోపల మామూలు డిక్ట్ వాడటం. నిజానికి ఈ కేసులో కూడా అదే వాడాలా అని చర్చ జరిగింది. లోపలికి వచ్చే దారులు చాలా ఉన్నాయి, ఒక్కో ఫైల్‌కు ఒక్కో లోడర్, కొత్త సప్లయర్ వస్తే ఇంకొకటి. ఎవరో ఒకరు మర్చిపోతారు. అందుకే పట్టిక దగ్గరే కాపలా ఉంచాం.

ఎవరూ అడగని ప్రశ్న

కొత్త క్లాస్‌తో మొదటి లోడింగ్ నడిపినప్పుడు మొత్తం స్టాక్ పాతదానికన్నా తక్కువ వచ్చింది. బగ్ అనుకుని గాభరా పడ్డారు. చూస్తే ఒక సప్లయర్ ఫైల్‌లోనే 'పీసీ-650' ఒక లైన్, 'పీసీ 650' ఒక లైన్ ఉన్నాయి. పాత క్లాస్‌లో అవి రెండు కీలు. ఇప్పుడు నిజంగా ఒకే కీ అయ్యాయి కాబట్టి, రెండోది మొదటిదాన్ని తుడిచేసి కూర్చుంది. డిక్షనరీ అప్‌డేట్ చేయాల్సింది అదే మరి.

కానీ స్టాక్‌కు కావలసింది అదేనా? కూడాలా? రెండూ వేర్వేరు ప్యాకింగులైతే అసలు కలపొచ్చా? ఇది పైథాన్ ప్రశ్న కాదు, గోడౌన్ ప్రశ్న. అడిగితే పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేశారు: "కలపొద్దండీ, ఆపి మాకు చూపించండి. కొన్ని ఒకటే, కొన్ని కావు." దాంతో లోడర్లు అప్‌డేట్ వాడటం మానేశాయి. 'చేర్చు' అని విడిగా ఒక మెథడ్ రాశాం. శుభ్రం చేశాక ఒకే లోడ్‌లో అదే కోడ్ రెండోసారి వస్తే ఆ లైన్‌ని పక్కన పెట్టి, మనిషి చూసే జాబితాలో వేస్తుంది. అప్పటికే రెండు లైన్లుగా విడిపోయిన పాత లెక్కలను ప్రోగ్రామ్‌తో కలపలేదు. గోడౌన్‌లో చేత్తో లెక్కపెట్టించి సరిచేశారు.

నాకు ఈ కేసులో ఎక్కువగా పట్టింది ఇదే. డిక్ట్‌ని ఇన్‌హెరిట్ చేశామంటే, 'అదే కీ మళ్లీ వస్తే తుడిచేయి' అన్న దాని స్వభావాన్ని కూడా తీసుకున్నట్టే. ఆ స్వభావం ఈ పనికి సరిపోతుందా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అది అడగకుండానే వచ్చింది.

రివ్యూల్లో ఇప్పుడు అడిగేవి

ఆ టీమ్‌తో ఇప్పుడు ఓవర్‌రైడ్ కనబడిన ప్రతిచోటా నేను అడిగేది ఒకటే: దీన్ని ఎవరు పిలుస్తారు, అలా పిలుస్తామని ఎక్కడ రాసి ఉంది? థ్రెడింగ్ మాడ్యూల్‌లోని థ్రెడ్ క్లాస్ దీనికి మంచి నమూనా. సబ్‌క్లాస్‌లో కన్‌స్ట్రక్టర్, రన్ ఈ రెండింటినే ఓవర్‌రైడ్ చేయండి, మిగతావి ముట్టుకోకండి అని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. లాగింగ్ హ్యాండ్లర్‌లో ఎమిట్ కూడా అలా రాసేందుకు వదిలిన చోటే. జేసన్ ఎన్‌కోడర్‌లోని డిఫాల్ట్ మెథడ్ కూడా అలాంటిదే. కాకపోతే తనకు ముందే తెలిసిన టైప్‌లకు దాన్ని పిలవదు, కాబట్టి నేమ్‌డ్ టపుల్ కోసం డిఫాల్ట్ రాసి, అది లిస్ట్‌గానే బయటికి పోతుంటే బుర్ర గోక్కునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

3.12 లో టైపింగ్ మాడ్యూల్‌కు చేరిన ఓవర్‌రైడ్ డెకరేటర్ పెట్టి ఉంటే ఇది ముందే దొరికేదా అని ఆ చిన్న డెవలపర్ అడిగాడు. దొరికేది కాదు. పేరెంట్‌లో ఆ పేరుతో మెథడ్ ఉందా లేదా అన్నది టైప్ చెకర్ చూస్తుంది. స్పెల్లింగ్ తప్పు పోయినా, పేరెంట్‌లో పేరు మారినా పట్టిస్తుంది, అందుకు వాడమనే చెబుతాను. డిక్ట్‌లో సెట్‌ఐటమ్ ఉంది, కాబట్టి చెకర్‌కు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. దాన్ని లోపలి నుంచి ఎవరైనా పిలుస్తున్నారా అన్నది చెకర్ చూడదు.

టెస్టుల తీరు కూడా మారింది. ఒక విలువ పట్టికలోకి ఎన్ని దారుల్లో రావచ్చో అన్ని దారుల్లోనూ అడ్డదిడ్డమైన కోడ్‌ని పంపి, చివరికి కీ ఒక్కటే మిగిలిందా అని ఒకే టెస్ట్ చూస్తుంది. కన్‌స్ట్రక్టర్, డిక్ట్‌తో అప్‌డేట్, జతల లిస్ట్‌తో అప్‌డేట్, సెట్‌డిఫాల్ట్, పికిల్ చేసి విప్పడం. పైథాన్ వెర్షన్ మార్చినప్పుడు ముందు నడిపేది దాన్నే.

డిక్ట్ సబ్‌క్లాస్ ఒకటి మాత్రం వాళ్ల కోడ్‌లో అలాగే వదిలేశాం. సెట్టింగుల క్లాస్ అది, డండర్ మిస్సింగ్ ఒక్కటే ఓవర్‌రైడ్ చేస్తుంది. కీ దొరకనప్పుడు బ్రాకెట్లతో చదివితే ఆ మెథడ్‌ని పిలుస్తామని డిక్ట్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది, సబ్‌క్లాస్‌ల కోసమే అది ఉన్నది. గెట్‌తో చదివితే మాత్రం పిలవదు. ఆ సంగతి క్లాస్ పైన రెండు లైన్ల కామెంట్‌గా రాయించాను.